ఆ స్నేర్ కొట్టింది ఎవరు? డ్రమ్ లేయరింగ్ వెనక కథ

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే ఒక్క నిమిషం తీసేయండి. ఫోన్ స్పీకర్‌లోనే వినండి.

(కిక్ డ్రమ్, నాలుగుసార్లు)

ఏం వినిపించింది? చాలామందికి దాదాపు ఏమీ వినిపించి ఉండదు. మహా అయితే 'టిక్' మని ఒక చిన్న చప్పుడు. ఇప్పుడు ఇది వినండి.

(రెండో కిక్, నాలుగుసార్లు)

ఇది వినిపించింది కదా, 'దబ్' మని? విచిత్రం ఏంటంటే, రెండింటిలోనూ అడుగున ఉన్న సౌండ్ ఒక్కటే. 808 కిక్. అది దాదాపు 50 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత కింద సౌండ్ వచ్చేసరికి మన ఫోన్ స్పీకర్లు చేతులెత్తేస్తాయి. రెండోసారి నేను చేసింది ఏంటంటే, దాని మీద ఇంకో కిక్ పెట్టా. పాత రికార్డులోంచి కోసి తీసిన కిక్. ఒక మనిషి కాలితో పెడల్ తొక్కితే వచ్చిన కిక్. మీ ఫోన్‌లో మీరు విన్నది ఎక్కువగా ఆ పైదే. ఇలా రెండు మూడు డ్రమ్ సౌండ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒకే దెబ్బలా వినిపించేలా చేయడాన్నే లేయరింగ్ అంటారు. హిప్ హాప్ బీట్స్ చేసేవాళ్ళకి ఇది రోజూ చేసే పని. కూరలో పోపు లాంటిది.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో చెప్తా. మొన్న వరంగల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీ లాస్ట్ బీట్‌లో స్నేర్ అదిరింది, ఏ ప్యాక్‌లోది?" అని. నేను ప్యాక్ పేరు చెప్పేశా. పంపించాక ఆ ఫైల్ పేరు ఒకసారి చూశా. 'ఎఫ్‌డీ స్నేర్ 4' అని ఉంది. ఎఫ్‌డీ అంటే ఏంటబ్బా అనుకున్నా. నాలుగేళ్ళుగా ఆ స్నేర్ వాడుతున్నాను, ఏనాడూ ఆ ప్రశ్న రాలేదు. ఎఫ్‌డీ అంటే 'ఫంకీ డ్రమ్మర్'. ఫోల్డర్ మీద మాత్రం 'రాయల్టీ ఫ్రీ' అని రాసి ఉంది. ఆ మాట ఒక రకంగా నిజమే. ఎలాగో తర్వాత చెప్తా.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్. అక్కడ కూల్ హెర్క్ అనే కుర్రాడు ఒక పార్టీకి రికార్డులు వేశాడు. హిప్ హాప్ పుట్టినరోజు అని ఇప్పుడు జరుపుకునేది ఆ రోజునే. హెర్క్ గమనించింది ఏంటంటే, పాటలో అందరూ ఆగిపోయి డ్రమ్మర్ ఒక్కడే వాయించే ముక్క వస్తుంది కదా, జనం డ్యాన్స్‌తో రెచ్చిపోయేది అక్కడే. దాన్ని 'బ్రేక్' అంటారు. అది కొన్ని సెకన్లే ఉంటుంది. అందుకని అదే రికార్డువి రెండు కాపీలు పెట్టుకుని, ఒకటి అయిపోగానే రెండోది, అది అయిపోగానే మళ్ళీ మొదటిది, ఇలా ఆ ముక్కని సాగదీయడం మొదలుపెట్టాడు. అంటే హిప్ హాప్ మొదటి రోజుల్లో బీట్ అంటే డ్రమ్మర్ చేయే. ఎవరో ఒక మనిషి ఎప్పుడో కొట్టిన దరువు.

కానీ 1979లో ర్యాప్ రికార్డులు రావడం మొదలయ్యాక ఆ బ్రేక్ అందులో లేదు. స్టూడియోలో బ్యాండ్‌ని పెట్టి వాయించేవాళ్ళు. ఆ తర్వాత మెషిన్లు వచ్చాయి.

1980లో రెండు మెషిన్లు వచ్చాయి. ఈ రెంటి మధ్య తేడా తెలిస్తే లేయరింగ్ సగం అర్థమైనట్టే. ఒకటి అమెరికాలో రోజర్ లిన్ చేసిన ఎల్ఎమ్-1. నిజమైన డ్రమ్ముల్ని రికార్డు చేసి, ఆ సౌండ్‌ని చిప్‌లో పెట్టిన మొదటి డ్రమ్ మెషిన్ అది. ధర దాదాపు 5,000 డాలర్లు. అప్పట్లో మెమరీ చిప్ అంటే బంగారమే మరి. రెండోది జపాన్‌లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808. ధర 1,195 డాలర్లు. అందులో రికార్డు చేసిన సౌండ్ అంటూ ఏదీ లేదు. కరెంటు సర్క్యూట్లతోనే కిక్, స్నేర్, చప్పట్లు అన్నీ పుట్టిస్తుంది. దాని మీద వరసగా 16 బటన్లు. ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు, రంగుకి నాలుగు. ఏ బటన్ నొక్కితే ఆ చోట దెబ్బ పడుతుంది. ఇవాళ మీ ఫోన్‌లో ఏ బీట్ యాప్ ఓపెన్ చేసినా వరసగా కనిపించే 16 గళ్ళు ఉంటాయి చూడండి, ఆ గళ్ళకి తాత ఇదే.

నిజం చెప్పాలంటే 808 సౌండ్ డ్రమ్స్‌లా ఉండదు. వచ్చిన కొత్తలో సంగీతం వాళ్ళు చాలామంది దాన్ని బొమ్మలా చూశారు. ఆ బుసబుసమనే సౌండ్ కోసం పాడైన ట్రాన్సిస్టర్లనే కావాలని కొనేవాళ్ళమని కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషి తర్వాత చెప్పారు. చిప్పుల తయారీ మెరుగుపడేసరికి ఆ పాడైన ముక్కలు దొరకడం మానేశాయి. 1983కల్లా మెషిన్ ఆగిపోయింది. మొత్తం సుమారు 12,000 అమ్ముడయ్యాయి. ఆపేశాక సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది. చవగ్గా దొరికింది కాబట్టే డబ్బుల్లేని కుర్రాళ్ళ చేతికి వచ్చింది.

దానికి ముందే, 1982లో, ఆఫ్రికా బంబాటా పేరు మీద 'ప్లానెట్ రాక్' వచ్చింది. ఆర్థర్ బేకర్ ప్రొడ్యూసర్. వాళ్ళ దగ్గర 808 లేదు. డ్రమ్ మెషిన్ ఉన్న మనిషి సెషన్‌కి 20 డాలర్లు అని పేపర్లో ప్రకటన చూసి పిలిపించుకున్నారు. ఆ పాట విన్నాక కిక్ డ్రమ్ గుండెకి తగలడం అంటే ఏంటో జనానికి తెలిసింది. ఇక్కడ ఒక మాట పక్కకి వెళ్ళి చెప్పాలి. అదే 1982లో మన ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన అదే 808తో ఒక ఆల్బమ్ చేశారు. పది రాగాల్ని డిస్కో బీట్ మీద వాయించారు. హిందీ సినిమా పాటలకి వెనక వాయించే సెషన్ మ్యుజీషియన్ ఆయన. ఆ రికార్డుని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు 30 ఏళ్ళ తర్వాత ప్రపంచం తిరిగి చూసింది. వెనక వాయించేవాళ్ళ సంగతి ఇదే కథ, ఊరేదైనా.

సరే, మన కథకి వద్దాం. 1983, 84 వచ్చేసరికి రన్-డీఎంసీ లాంటివాళ్ళ పాటల్లో మెషిన్ ఒక్కటే వాయిస్తోంది. గట్టిగా, పొడిగా, ఖాళీగా. పార్కుల్లో మాత్రం డీజేలు ఇంకా పాత బ్రేకులే తిప్పుతున్నారు. అంటే వీధిలో మనిషి చెయ్యి, రికార్డులో మెషిన్. ఈ రెండూ ఇంకా కలవలేదు.

అవి కలిసింది పొరపాటున. న్యూయార్క్‌లోనే క్వీన్స్‌బ్రిడ్జ్ అనే హౌసింగ్ కాలనీ నుంచి వచ్చిన మార్లీ మార్ల్ ఒక పాట మీద పని చేస్తున్నాడు. ఒక రికార్డులోంచి గొంతు ముక్క శాంపిల్ చేద్దామనుకున్నాడు. గొంతు బదులు దాని పక్కనున్న స్నేర్ దెబ్బ శాంప్లర్‌లోకి దూరింది. నొక్కి చూశాడు. కింద మెషిన్ బీట్ నడుస్తోంది, పైన ఈ పాత స్నేర్. మెషిన్ స్నేర్ కంటే ఇదే బాగుంది! అంటే ఏ రికార్డులోంచైనా ఏ డ్రమ్మర్ దెబ్బైనా తీసుకుని, ఆ డ్రమ్మర్ వాయించని దరువు వాయించొచ్చు. 1986లో ఎంసీ షాన్ 'ది బ్రిడ్జ్' వచ్చింది. అందులో డ్రమ్స్ 1973 నాటి 'ఇంపీచ్ ద ప్రెసిడెంట్' అనే రికార్డువి. దాన్ని వాయించింది హనీ డ్రిప్పర్స్, క్వీన్స్‌కి చెందిన స్కూలు పిల్లల బ్యాండ్. ఆ కిక్, ఆ స్నేర్ ఆ తర్వాత ఎన్ని పాటల్లోకి వెళ్ళాయో లెక్కలేదు.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అప్పటిదాకా డీజే బ్రేక్ తిప్పితే డ్రమ్మర్ పూర్తిగా ఉండేవాడు. చెయ్యి, ఊపు, తడబాటు అన్నీ ఉండేవి. మార్లీ మార్ల్ తర్వాత డ్రమ్మర్ ముక్కలయ్యాడు. ఒక దెబ్బ ఇక్కడ, ఒక దెబ్బ అక్కడ.

1987లో ఈ-మ్యూ కంపెనీ ఎస్‌పీ-1200 తెచ్చింది. మొత్తం కలిపి 10 సెకన్లు. అవును, 10 సెకన్లే. ఇవాళ మీ ఫోన్‌లో ఒక్క వాయిస్ మెసేజ్‌కి కూడా చాలవు. అందుకని కుర్రాళ్ళు ఒక చిట్కా కనిపెట్టారు. 33 స్పీడ్‌లో తిప్పాల్సిన రికార్డుని 45లో తిప్పి శాంపిల్ చేయడం, తర్వాత మెషిన్‌లో మళ్ళీ స్పీడ్ తగ్గించుకోవడం. అలా 10 సెకన్లలో పదమూడున్నర సెకన్ల సంగీతం పడుతుంది. పైగా ఆ మెషిన్ 12 బిట్, 26 కిలోహెర్ట్జ్ మెషిన్. స్పీడ్ తగ్గించినప్పుడు సౌండ్ కొంచెం గరుకుగా, ఇసుక రాసినట్టు వస్తుంది. ఆ గరుకుతనం కోసమే ఇప్పుడు చాలామంది డబ్బులిచ్చి ప్లగిన్లు కొంటున్నారు. లేక చేసిన పని స్టైల్ అయిపోయింది.

ఇప్పుడు ఎఫ్‌డీ దగ్గరికి వద్దాం.

1969 నవంబర్ 20, సిన్సినాటి నగరం. జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ స్టూడియోలో ఉంది. డ్రమ్స్ మీద క్లైడ్ స్టబల్‌ఫీల్డ్. పాట చివరి భాగంలో బ్రౌన్ మిగతావాళ్ళందర్నీ ఆపమని చెప్పి డ్రమ్మర్‌ని వదిలేస్తాడు. సుమారు 20 సెకన్ల పాటు స్టబల్‌ఫీల్డ్ ఒక్కడే. గొప్ప విన్యాసాలేం చేయడు. పక్కకి పోడు. కానీ ఎడమ చేత్తో స్నేర్ మీద చిన్న చిన్న దెబ్బలు, వినీ వినపడనట్టు, గుసగుసలాడినట్టు వేస్తూ ఉంటాడు. వాటిని ఘోస్ట్ నోట్స్ అంటారు. ఆ గుసగుసల వల్లే మధ్యలో ఖాళీ కూడా కదులుతున్నట్టు ఉంటుంది.

1986లో ఆ పాట ఒక ఆల్బమ్‌లో మళ్ళీ విడుదలైంది. సరిగ్గా శాంప్లర్లు చేతికొస్తున్న టైమ్. ఇక చూడండి. పబ్లిక్ ఎనిమీ, ఎల్ఎల్ కూల్ జే, ఎన్‌డబ్ల్యూఏ, హిప్ హాప్ బయట జార్జ్ మైకేల్ కూడా. వెయ్యికి పైగా పాటల్లో ఆ 20 సెకన్ల ముక్కలున్నాయి. పబ్లిక్ ఎనిమీ వెనకున్న బాంబ్ స్క్వాడ్ అయితే బ్రేకు మీద బ్రేకు, దాని మీద మెషిన్, దాని మీద ఇంకో అరుపు, ఇలా గోడ కట్టినట్టు కట్టారు. 1989 నాటి 'ఫైట్ ద పవర్' ఇయర్‌ఫోన్స్‌లో విని ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టండి. నేను మూడుసార్లు ప్రయత్నించి వదిలేశా.

స్టబల్‌ఫీల్డ్‌కి ఎంత వచ్చింది? ఆ రోజు వాయించినందుకు కూలి. అంతే. పాట రాసినవాడిగా పేరు జేమ్స్ బ్రౌన్‌ది. రికార్డింగ్ హక్కు కంపెనీది. డ్రమ్మర్ తన సొంత బుర్రలోంచి తీసిన దరువుకి చట్టం లెక్కలో పాట అనే హోదా లేదు. కాబట్టి శాంపిల్‌కి ఎవరైనా డబ్బు కట్టినా, ఆ డబ్బు వెళ్ళే దారిలో ఆయన ఇల్లు లేదు. 'రాయల్టీ ఫ్రీ' ఒక రకంగా నిజమే అన్నాను కదా, ఇందుకే. రాయల్టీ లేకుండా ఉన్నది ఆయనే.

ఆయన విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ అనే ఊళ్ళో ఉండేవారు. అక్కడి క్లబ్బుల్లో వాయించేవారు. హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. 2000లో క్యాన్సర్ వస్తే దాదాపు 90,000 డాలర్ల బిల్లు పాప్ స్టార్ ప్రిన్స్ కట్టారు, ఎవరికీ చెప్పకుండా. 2016లో ప్రిన్స్ చనిపోయాకే ఆ విషయం బయటికి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో స్టబల్‌ఫీల్డ్ కూడా వెళ్ళిపోయారు. డబ్బు కంటే తన పేరు వేసి ఉంటే బాగుండేదని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పుకునేవారు.

ఇంకో డ్రమ్మర్ సంగతి ఇంతకంటే దారుణం. గ్రెగరీ కోల్‌మన్. 1969లో ది విన్‌స్టన్స్ బ్యాండ్ 'ఆమెన్, బ్రదర్' పాటలో ఆరేడు సెకన్ల బ్రేక్ వాయించాడు. 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్'లో విన్నది అదే. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే మ్యూజిక్‌లన్నీ దాని మీదే నిలబడ్డాయి. 2015లో బ్రిటన్‌లో ఒక డీజే ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఆ బ్యాండ్ లీడర్ రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చాడు. కోల్‌మన్‌కి అందలేదు. ఆయన 2006లోనే అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయాడు.

1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద ఒక కేసు గెలిచాక, శాంపిల్ అంటే కంపెనీలకి భయం పట్టుకుంది. పర్మిషన్ లేకుండా పొడుగు లూపు వాడితే దొరికిపోతారు. మరి ఒక్క స్నేర్ దెబ్బ కోసి, దాని మీద ఇంకో మెషిన్ చప్పట్లు, ఇంకో రికార్డు స్నేర్ కలిపేస్తే? ఎవరు గుర్తుపడతారు? బాగా వినిపించడానికి మొదలైన లేయరింగ్ ఇక్కడ్నుంచి ముసుగు కూడా అయ్యింది. ఇది నా అంచనా, ఒప్పుకోకపోయినా ఫర్లేదు. కానీ ఆ ముసుగులో మొదట మాయమైంది డ్రమ్మర్ పేరే.

పేరుతో పాటు ఇంకోటి కూడా పోయింది. ఒక్క దెబ్బ కోసి తీసుకుంటే సౌండ్ వస్తుంది, చెయ్యి రాదు. స్టబల్‌ఫీల్డ్ స్నేర్ నా ఫోల్డర్‌లో ఉంది, ఆ గుసగుసలు లేవు. 16 గళ్ళలో దాన్ని పెడితే సైనికుడిలా నడుస్తుంది. ఆ తర్వాత మెషిన్లన్నీ పోగొట్టుకున్న ఆ చేతిని వెతుక్కుంటూనే వచ్చాయి.

1988లో అకాయ్ కంపెనీ కోసం రోజర్ లిన్ ఎంపీసీ60 చేశాడు. బటన్ల బదులు 16 రబ్బరు ప్యాడ్లు. వేళ్ళతో కొట్టొచ్చు. గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా కొడితే మెల్లగా. దాంట్లో 'స్వింగ్' అని ఒకటుంది. లెక్క సింపుల్. 90 బీపీఎమ్ బీట్‌లో రెండు పదహారో నోట్ల జతకి 333 మిల్లీసెకన్లు పడుతుంది. స్వింగ్ 50 శాతం అంటే రెండో దెబ్బ సరిగ్గా మధ్యలో, 167 దగ్గర. 58 శాతం పెడితే 193 దగ్గర. తేడా 26 మిల్లీసెకన్లు. కన్ను మూసి తెరిచే టైమ్ కూడా కాదు. కానీ వినండి.

(అదే బీట్, ముందు 50 శాతం, తర్వాత 58 శాతం)

మొదటిది ఆఫీసుకి వెళ్తోంది, రెండోది పెళ్ళికి వెళ్తోంది. అంత తేడా.

డెట్రాయిట్ కుర్రాడు జే డిల్లా ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన మెషిన్ ఎంపీసీ3000. డిల్లా క్వాంటైజ్ ఆఫ్ చేసేవాడు, అంతే, అని అందరూ అంటారు. డాన్ చార్నస్ 2022లో రాసిన 'డిల్లా టైమ్' పుస్తకం చెప్పేది ఆ మాట సగమే నిజమని. డిల్లా ఏ సౌండ్‌ని ఎంత జరపాలో విడివిడిగా చూసుకునేవాడు. స్నేర్ కొంచెం ముందు, హై-హ్యాట్ ఇంకో రకంగా, కిక్ కొంచెం తూలుతూ. ఒకే బీట్‌లో ఒక్కో లేయర్‌కి ఒక్కో గడియారం. 2006 ఫిబ్రవరిలో, 'డోనట్స్' ఆల్బమ్ వచ్చిన మూడో రోజే, 32 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది.

సరే, పని సంగతి. లేయర్ చేసేటప్పుడు నేను చూసేవి చెప్తా. కిక్ విషయంలో అడుగున 808 ఒక్కటే ఉండాలి. పైన పెట్టే బ్రేక్ కిక్‌లో దాదాపు 100 హెర్ట్జ్ కింద అంతా కోసేస్తా, లేకపోతే కింద ఇద్దరూ కొట్టుకుంటారు. రెండు కిక్కులూ కలిపాక సౌండ్ పెరగాల్సింది పోయి తగ్గిందంటే, ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతోందని అర్థం. దాన్నే ఫేజ్ ప్రాబ్లమ్ అంటారు. ఒకదాన్ని తిరగేయండి, లేదా రెండు మూడు మిల్లీసెకన్లు జరపండి, సెట్ అవుతుంది. 808ని పాట శృతికి ట్యూన్ చేయడం మర్చిపోవద్దు, అది కూడా ఒక స్వరమే. కొంచెం డిస్టార్షన్ వేస్తే పై హార్మోనిక్స్ వస్తాయి, వాటిని విని మెదడు లేని కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. స్నేర్‌కైతే చప్పట్ల లేయర్ ఒక ఆవగింజంత ఆలస్యంగా పెడతా. నలుగురు మనుషులు ఒకేసారి చప్పట్లు కొట్టలేరు కదా.

ఆ తమ్ముడికి ఇదంతా చెప్పా. "అయితే ఆ స్నేర్ ఇక వాడొద్దా అన్నా?" అన్నాడు. వాడుతున్నాను రా, అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు ప్రతి బీట్ కింద, ఏ లేయర్‌లో ఎవరి చెయ్యి ఉందో నాకు తెలిసినంతవరకు రాస్తున్నా. పాతవాటికి కూడా వెనక్కి వెళ్ళి రాయడం మొదలుపెట్టా. 31 బీట్స్‌లో 12 అయ్యాయి. మిగతావాటిలో కొన్ని స్నేర్లు ఎవరివో కనిపెట్టలేకపోతున్నా. ఫైల్ పేరు 'న్యూ స్నేర్ ఫైనల్ 2' అని ఉంటే ఏం చేస్తాం. మీలో ఎవరికైనా చెవి ఉంటే సాయం చేయండి, వాటిని విడిగా అప్‌లోడ్ చేస్తా.

ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదట్లో వినిపించిన కిక్‌తో చేసిన బీట్. ఒక్కో లేయర్ వస్తుంటే చెప్తా.

(బీట్ మొదలవుతుంది)

ఇది 808, 1980, జపాన్. దీని మీద కిక్, స్నేర్, క్లైడ్ స్టబల్‌ఫీల్డ్, 1969 నవంబర్, సిన్సినాటి. ఈ చప్పట్లు మా మేడ మీద నేను, మా చెల్లి, పక్కింటి ఇద్దరు పిల్లలు, మొన్న ఆదివారం. వెనక కుక్క మొరిగింది, దాన్ని తీయలేదు.

(బీట్ కొనసాగుతుంది)